నార ఊరిన నీళ్ళు

సెప్టెంబరు నెలాఖరుకి స్కాట్లండ్‌లో చెట్ల ఆకులు పండుబారతాయి. చదువుల కోసం డండీ వెళ్ళే తెలుగు విద్యార్థులు చాలామంది ఆ నెలలోనే అక్కడ దిగుతారు. ఊరి నడుమ లా అనే గుట్ట ఉంది, ఎత్తు 174 మీటర్లు. అక్కడివాళ్ళ మాటలో లా అంటేనే గుట్ట. దాని వాలు మీంచి వీధులు టే నది దాకా దిగుతాయి. సముద్రంలో కలవబోయే ముందు ఆ నది బాగా వెడల్పవుతుంది. ఊరు చూడబోయినవాళ్ళకి రాతి మేడల మధ్య వర్డెంట్ వర్క్స్ అనే పాత మిల్లు మ్యూజియంగా కనిపిస్తుంది. లోపల ఉన్నవి జనపనార వడికే యంత్రాలు. ఒకప్పుడు ఆ శరత్తు రోజుల్లోనే, విజయనగరం పక్కన చంపావతి ఒడ్డునున్న నెల్లిమర్ల చుట్టుపక్కల చెరువుల్లో గోగు మోపులు ఊరుతుండేవి. ఈ రెండు ఊళ్ళనీ కలిపి చెప్పినప్పుడల్లా వినిపించే కథ ఒకటే: డండీ గురువు, మనం శిష్యులం, యంత్రం అక్కణ్ణించి వచ్చింది, పని మనం నేర్చుకున్నాం. అందులో నిజం సగమే. గోనెసంచి చరిత్రని మిల్లు పొగగొట్టం దగ్గర మొదలుపెట్టి చదివితే ఆ సగమే కనిపిస్తుంది. నార ఊరిన నీళ్ళ దగ్గర మొదలుపెట్టి చదివితే, డండీ ఎందుకు కూలిందో, నెల్లిమర్ల ఎందుకు నలిగిందో రెండింటికీ ఒకే కారణం దొరుకుతుంది. నార పుట్టే చోటుకీ మిల్లుకీ మధ్య దూరమే ఆ కారణం.

ముందు డండీ సంగతి చూద్దాం. ఆ ఊరికి నారబట్ట నేత పాతదే, కానీ అది అవిసె నార, రష్యా రేవుల నుంచి వచ్చేది. బెంగాలు నారని మరమగ్గాల దారిలో పెట్టడం మొదట్లో కుదరలేదు. అది గట్టిగా, పెళుసుగా ఉండి తెగిపోయేది. ఆ ఊరి ఓడలు ఉత్తర సముద్రాల్లో తిమింగలాల వేటకి వెళ్ళేవి. తిమింగలం నూనె, నీళ్ళు కలిపి చల్లితే నార మెత్తబడి యంత్రానికి లొంగుతుందని 1830లలో తెలిసింది. ఇక 1854లో క్రిమియా యుద్ధం రష్యా అవిసెకి అడ్డం పడింది, ఆ తర్వాత అమెరికా అంతర్యుద్ధం సంచులకి గిరాకీ పెంచింది. కాక్స్ సోదరుల కాంపర్‌డౌన్ వర్క్స్ ప్రపంచంలోకెల్లా పెద్ద జనపనార కార్ఖానా అనిపించుకుంది. 1860లలో కట్టిన దాని రంగుటిటుకల పొగగొట్టం ఇప్పటికీ నిలబడే ఉంది. మిల్లుల్లో పనిచేసినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. ఇంట్లో పొయ్యి చూసుకునే మగవాళ్ళకి ఆ ఊళ్ళో ఒక ప్రత్యేకమైన పేరే ఉండేది. ఇంత జరిగినా, టే నది ఒడ్డున ఎక్కడా ఒక్క మోపు నార ఊరలేదు. కొండా నదీ రేవూ యంత్రమూ నూనే నైపుణ్యమూ అన్నీ ఉన్నాయి, పంట మాత్రం వేల మైళ్ళ అవతల ఉంది. 1855లో హుగ్లీ ఒడ్డున రిష్రాలో జార్జ్ ఆక్లండ్ మొదటి మిల్లు పెట్టినప్పుడు అందులో బిగించినవి డండీ యంత్రాలే. ఆ తర్వాత డండీ మేస్త్రీలూ మేనేజర్లూ కలకత్తా దారి పట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేసరికి పంట పక్కన పుట్టిన మిల్లులు, పంటకి దూరాన పుట్టిన మిల్లుల్ని దాటిపోయాయి.

ఈ వరసలో నెల్లిమర్ల ఎక్కడ వస్తుంది? ఇక్కడ సంచి, మిల్లు కన్నా చాలా పాతది. గోనె అనే మాటకి సంస్కృతంలో గోణి ఉంది. ఆంగ్లేయుల గన్నీ కూడా ఆ వంశంలోదే. ఎద్దుల వీపు మీద రెండువైపులా వేలాడేసే ధాన్యపు సంచిని తెలుగులో పెరిక అన్నారు, ఆ సంచులతో సరుకు మోసిన కులానికీ అదే పేరు. జనుము నారతో సంచులు నేసి బతికిన జనప్పన్ కులం గురించి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద 1909లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. అంటే సంచి నేసే చెయ్యి, సంచి మోసే ఎద్దు, నార ఇచ్చే మొక్క మూడూ ఇక్కడివే. జ్యూట్ అన్న మాటని ఈస్టిండియా కంపెనీ కాగితాల్లోకి ఎక్కించిన విలియం రాక్స్‌బర్గ్ కూడా కలకత్తా వెళ్ళకముందు ఏళ్ళ తరబడి సామర్లకోటలో ఉండి తెలుగు నేల మొక్కల్ని చదివినవాడే. మన నార మాత్రం అసలు జనపనార కాదు. అది గోగు, గోంగూర జాతి మొక్క. ఆకు పచ్చడికీ, బెరడు సంచికీ పనికొచ్చే మొక్క. లోకపు బజారులో దాని పేరు బిమ్లీ జ్యూట్, బిమ్లిపటం జ్యూట్. బిమ్లిపటం అంటే మన భీమునిపట్నం. ఒకప్పుడు డచ్చివాళ్ళు కోట కట్టుకున్న ఆ రేవు నుంచి ఓడలెక్కింది గనక నారకి ఊరి పేరు అతుక్కుంది. సరుకుకి ఊరి పేరు వచ్చిందంటే ఆ సరుకు అక్కడ ఎంత ఎగుమతయ్యేదో వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి మిల్లూ ఆ రేవు దగ్గరే లేచింది, గోస్తనీ తీరంలో చిట్టివలస వద్ద, 1860లలో. తర్వాత 1893 ప్రాంతంలో తూర్పు తీరపు రైలుమార్గం భీమునిపట్నాన్ని పక్కనబెట్టి లోతట్టు దారిన, విజయనగరం మీదుగా పోయింది. బొగ్గు బండిలో వస్తుంది, సంచులు బండిలో వెళ్తాయి, నీళ్ళు నది ఇస్తుంది. ఈ మూడూ కలిసే చోట, చంపావతి పక్కన స్టేషనున్న నెల్లిమర్లలో, 1920 ప్రాంతంలో మిల్లు వెలిసింది. రేవుని కాదని రైలుని ఎంచుకున్నారన్నది సులువుగా దొరికే వివరణ. నాకు అది చాలదనిపిస్తుంది. రైలు ఆగే స్టేషన్లు ఈ దారిలో ఎన్నో ఉన్నాయి. అయినా ఇక్కడే మిల్లు నిలవడానికి చుట్టూ ఉన్న ఎర్రనేలల మెట్ట పొలాలూ, వానకి నిండే చిన్న చిన్న చెరువులూ కారణం. గోగుకి జనపనారకి కావలసినంత నీరు అక్కర్లేదు, వర్షాధారంగానే ఎదుగుతుంది. తొలకరిలో విత్తితే పూత వేళకి కోతకొస్తుంది. వానలు వెనక్కి తగ్గి చెరువులు నిండి ఉండే కాలం కూడా అదే. ఊరబెట్టడానికి నీళ్ళూ కొయ్యడానికి పంటా ఒకే నెలలో అందాలి. ఉత్తరాంధ్ర శరత్తు ఆ రెండిటినీ కలిపి ఇచ్చింది.

ఈ ఊరబెట్టడం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మిల్లు చరిత్రలు రాసినవాళ్ళు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. కోసిన కట్టెల్ని కట్టలు కట్టి, ఆకు రాలే దాకా రెండు మూడు రోజులు చేలోనే ఉంచుతారు. తర్వాత చెరువులో పరిచి, తేలిపోకుండా పైన బరువు పెడతారు. బురద పెల్లలు వేస్తే నార నల్లబడుతుంది, రాళ్ళో దుంగలో వేస్తే మెరుపు నిలుస్తుంది. నీటిలోని సూక్ష్మజీవులు బెరడుని కట్టెకి అతికించి ఉంచే జిగురుని తింటాయి. పది పన్నెండు రోజులకో, చలి ముదిరితే ఇంకా ఆలస్యంగానో, ఆ పట్టు వదులుతుంది. ఒక్కరోజు ముందు తీస్తే నారకి బెరడు చెక్కులు అంటుకునే ఉంటాయి. రెండు రోజులు ఆలస్యమైతే నారే చివికి బలం పోతుంది. ఎప్పుడు తీయాలో చెప్పే యంత్రం లేదు. కట్టె ఒకటి లాగి బొటనవేలితో నలిపి చూసి చెప్పాల్సిందే. ఆ తర్వాత నడుం లోతు మురుగు నీటిలో నిలబడి ఒక్కో కట్టె నుంచి నార ఒలిచి, జాడించి, ఆరేస్తారు. మిల్లులో నూలు తెగుతుందా లేదా, గోనెకి పేరొస్తుందా రాదా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. డండీ పరిశ్రమ మొత్తానికీ ఈ సగం మీద అజమాయిషీ లేదు. కొత్త పంట ఓడ దిగేసరికి అక్కడ చలికాలం. బేళ్ళు విప్పితే గాని నార తడిసిందో చివికిందో తెలిసేది కాదు.

దీనికి ఎదురు చెప్పేవాళ్ళ మాటల్లో బలముంది. యంత్రం లేకుండా ఎంత మంచి నారైనా పెరిక దాటి పోయేది కాదు గదా అంటారు. నిజమే, ఆ మాట నేను కాదనను. రోజుకి వేల సంచులు కావాలంటే డండీ తరహా యంత్రం తప్పదు. కాని యంత్రం కొనుక్కోదగ్గది, ఓడలో వచ్చేది, ఆక్లండ్ దాన్ని 1855లోనే నిరూపించాడు. చెరువుల్నీ వేలికొస తెలివినీ ఓడలో వేసుకుపోయినవాడు లేడు. రెండో వాదన ఇంకా గట్టిది: మిల్లుల్ని ముంచింది ప్లాస్టిక్ సంచీ, యాజమాన్యాల తాళాలూ, కార్మికుల గొడవలూ అని. నెల్లిమర్ల గురించి మాట్లాడేటప్పుడు ఇది ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. 1994లో ఇక్కడి మిల్లు కార్మికుల పోరాటంలో పోలీసు కాల్పులు జరిగి కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారి పేరిట ఏటా సంస్మరణ జరుగుతూనే ఉంది. ఆ నెత్తుటిని నార ధరల లెక్కలోకి కుదించడం నా ఉద్దేశం కాదు. అడగాల్సింది ఇది: ప్లాస్టిక్ అందరికీ ఒకేసారి వచ్చింది, ఐతే దెబ్బ అందరికీ ఒకేలా ఎందుకు తగల్లేదు? ఆహారధాన్యాల్నీ పంచదారనీ జనపనార సంచుల్లోనే నింపాలన్న చట్టం 1987లో వచ్చింది. అంటే సంచికి కొనేవాడు ఖాయంగా ఉన్నాడు. కొనేవాడు ఖాయమైనప్పుడు మిల్లు బతుకు నార ఎంతకి, ఎక్కణ్ణించి దొరుకుతుందన్న దాని మీదే తేలుతుంది.

అక్కడే మన కథ తిరగబడింది. గడచిన కొన్ని దశాబ్దాల్లో శ్రీకాకుళం, విజయనగరం మెట్టల్లో గోగు విస్తీర్ణం తగ్గుతూ వచ్చింది. ఆ చేలల్లో మొక్కజొన్న, సరుగుడు, నీలగిరి నిలబడ్డాయి. రైతుది తప్పనలేం. మొక్కజొన్న కోసి అమ్మితే అయిపోతుంది, గోగుకి కోత తర్వాత ఇంకో నెల చాకిరి. గట్టున నార ఒలిచే మనుషులు దొరకరు. చెరువులో చేపలు పెంచేవాళ్ళు ఊరనివ్వరు, అదీ న్యాయమే, ఊరిన నీటిలో ప్రాణవాయువు పోతుంది. నార తగ్గిన కొద్దీ మిల్లులు బెంగాలు వైపు చూశాయి. కంటికి కనిపించే గోగు చేలని ఆసరా చేసుకుని పుట్టిన మిల్లు, వందల కోసుల దూరం నుంచి బేళ్ళు తెప్పించుకుని, అక్కడి ధర ఎగిరితే ఇక్కడ షిఫ్టులు ఆపుకునే స్థితికి వచ్చింది. ఒక్క మాటలో, నెల్లిమర్ల డండీ అయింది. డండీ కూడా చివరి రోజుల్లో ప్రభుత్వం చెయ్యిపట్టుకుని నడిచిందే: రెండో ప్రపంచ యుద్ధంతో మొదలైన జ్యూట్ కంట్రోల్ 1960ల చివరి దాకా భారతీయ సరుకు నుంచి దాన్ని కాపాడింది. కాపుదల ఆయుష్షు పెంచింది గాని దూరాన్ని తగ్గించలేదు. కాంపర్‌డౌన్ 1981లో ఆగిపోయింది, ఆ ఊరి ఆఖరి జనపనార మిల్లు 1999లో.

మరి చాకిరీ అంత ఉన్నప్పుడు, నీళ్ళు అంత చెడేటప్పుడు, ఆ పంట పోతే పోనీ అనవచ్చు గదా? ఇదే అన్నిటికన్నా నిజాయితీ గల ఆక్షేపణ. నడుం లోతు మురుగులో నిలబడ్డ మనిషి పక్షాన నిలబడి అడిగిన ప్రశ్న ఇది. దానికి గోగుని పొగిడితే జవాబు కాదు. కాని ఆ పని అలాగే ఉండాలని ఎవరు శాసించారు? కట్టెతో సహా ముంచకుండా పచ్చి బెరడుని ముందే ఒలిచి, కొద్ది నీటిలో ఊరబెట్టే పద్ధతులు పరిశోధనలో ఉన్నాయి. ఊరే గడువు తగ్గించే సూక్ష్మజీవుల పొడులూ తయారయ్యాయి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో వ్యవసాయ పరిశోధన స్థానం గోగు రకాల మీద దశాబ్దాలుగా పని చేస్తోంది. 1830లలో డండీ వాళ్ళు నారని మెత్తబరచడానికి తిమింగలం నూనె దాకా వెళ్ళారు. మనవైపు మిల్లు గేటు లోపలి యంత్రానికి దక్కిన శ్రద్ధలో పదోవంతు కూడా చెరువు గట్టుకి దక్కలేదు. మిల్లు పెట్టుబడి లెక్కల్లో నార ముడిసరుకు, ఊరబెట్టేవాడు ఎవరి లెక్కలోనూ లేడు. మద్దతు ధర క్వింటాలు నారకి ప్రకటిస్తారు, నీటిలో నిలబడిన రోజులకి కాదు.

డండీలో పాత మిల్లుని మ్యూజియం చేసి, దాంట్లో మగ్గం నడిపిన ఆడవాళ్ళ బతుకుని కూడా చూపిస్తున్నారు. చూడబోయిన మన పిల్లలు అక్కడ బేళ్ళ మీద కలకత్తా పేరు చదువుతారు. ఆ బేళ్ళలోకి నార చేరకముందు అది ఎలాంటి నీటిలో ఊరిందో చూడాలంటే స్కాట్లండ్ దాకా పోనక్కర్లేదు. అక్టోబరులో నెల్లిమర్ల నుంచి రామతీర్థం కొండల వైపు పోయే దారిలో, ఇంకా గోగు వేస్తున్న రైతు ఎవరైనా ఉంటే, ఆ చెరువు వాసనే ముందు చెబుతుంది.