కొండల మీది విషగాలి

హిమాలయాల్లో ఎత్తైన కనుమలు దాటేవారికి తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తే, అది విషపు మొక్కల వాసన వల్లేనని అక్కడివారు చాలాకాలం నమ్మారు. 16వ శతాబ్దంలో టిబెట్ మీదికి దండెత్తిన మీర్జా హైదర్ దుగ్లత్ ఈ జబ్బు పేరు 'దమ్‌గిరి' అని రాసిపెట్టాడు. ఆండీస్ పర్వతాలు దాటిన స్పెయిన్ పాదిరి అకోస్టా మాత్రం, అక్కడి గాలి మనిషి ఊపిరికి సరిపోనంత పలచనిదని 1590లో రాశాడు. చెప్పింది పాదిరే అయినా మెచ్చుకోవలసిన మాట!

1648లో పాస్కల్ కోరితే ఆయన బావ పెరియే పాదరసపు గొట్టంతో కొండెక్కాడు. పైకి పోయేకొద్దీ పాదరసం దిగిపోయింది. ఒత్తిడి ఎంత తగ్గితే వాయువు ఆ లెక్కన ఉబ్బుతుందని 1662లో బాయిల్ చూపించాడు. కామర్స్ చదివిన నాకు కూడా అర్థమయ్యే లెక్కే.

మరి మనిషిని పడగొట్టేది ఒత్తిడి తగ్గడమా, ఆక్సిజన్ తగ్గడమా? దీన్ని తేల్చినవాడు ఫ్రాన్స్‌కి చెందిన పాల్ బేర్. తానే ఇనుప గదిలో కూర్చుని గాలి తీయించుకున్నాడు. ఆక్సిజన్ పీల్చగానే తేరుకున్నాడు. 1875 ఏప్రిల్ 15న ముగ్గురు 'జెనిత్' బెలూన్‌లో 8,000 మీటర్లు దాటారు. వెంట తీసుకెళ్లే ఆక్సిజన్ చాలదని బేర్ రాసిన ఉత్తరం వారికి సమయానికి అందలేదు. ఉన్న సంచుల్ని అందుకోవడానికి కూడా చేతులు లేవలేదు. సివెల్, క్రోసె-స్పినెల్లి చనిపోయారు. చెవుడుతో బతికి బయటపడ్డ తిస్సాండియే, ఆ స్థితిలో బాధ తెలియలేదనీ, లోపల సంతోషం కలిగిందనీ రాశాడు. కొండ శిఖరాల మీద దివ్యానుభూతి పొందామనేవారు ఇది చదవాలి.

1948 మే 24న మెహర్ సింగ్ లేహ్‌లో డకోటాను దించాడు. దానికి ఒత్తిడి నింపిన కేబిన్ లేదు. ఇప్పటి విమానాల్లో ఉన్నా, లోపలి ఒత్తిడి దాదాపు 2,400 మీటర్ల కొండ మీద ఉన్నంతే. అంటే చిక్కుకున్న గాలి సుమారు మూడో వంతు ఉబ్బుతుంది. ఛాతీలో ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన రోగికి ఇదే ప్రాణాంతకం. అందుకే ఎక్కించేముందే గొట్టం వేసి ఆ గాలి పోయే దారి చేస్తారు. శ్వాసగొట్టం చివరి బుడగ కూడా ఉబ్బుతుంది కాబట్టి దాని ఒత్తిడిని దారిపొడవునా చూసుకుంటూ ఉండాలి.

ఎత్తు ప్రదేశాలకు వెళ్లిన మన సైనికుల ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు గురించి ఇందర్ సింగ్ బృందం 1965లోనే 'లాన్సెట్'లో రాసింది. మందు తెలిసిందే: ఆక్సిజన్ ఇవ్వడం, వెంటనే కిందికి దించడం. అయినా అమర్‌నాథ్ వెళ్లే మనవాళ్లు కర్పూరం మూట వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని నమ్ముతున్నారు! కర్పూరం మండటానికే ఆక్సిజన్ కావాలి. ఆ మూట మీద నమ్మకంతో కిందికి దిగడం ఒక రాత్రి వాయిదా వేస్తే ఆ ఊపిరితిత్తులు ఆగవు. రక్షణ శాఖ పద్దుల్లో ఆక్సిజన్ సిలిండర్ల బిల్లులు చూశాను. కర్పూరం బిల్లు ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు.