సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ జట్టు

సంతోష్ ట్రోఫీ రాష్ట్రాల మధ్య జరిగే జాతీయ ఫుట్‌బాల్ పోటీ. బెంగాల్‌లోని ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ దీన్ని 1941లో మొదలుపెట్టింది. నేటి బంగ్లాదేశ్‌లోని సంతోష్ సంస్థానాధిపతి సర్ మన్మథనాథ్ రాయ్ చౌధురి పేరున కప్పు వెలిసింది. ఇందులో ఆడేవి క్లబ్బులు కాదు, రాష్ట్రాల జట్లు, వాటితోపాటు సర్వీసెస్, రైల్వేస్. అందుకే రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడల్లా జట్ల పేర్లూ మారాయి. నేటి తెలంగాణ ప్రాంతం హైదరాబాద్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అనే మూడు పేర్లతో ఇందులో పాల్గొంది.

నేపథ్యం

తొలి రోజుల్లో ఈ ప్రాంతానికి హైదరాబాద్ జట్టే ప్రాతినిధ్యం వహించేది. ఈ జట్టుకు వెన్నెముక సిటీ పోలీసు జట్టు. ఉపాధ్యాయుడిగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950, 1954, 1957లలో డ్యూరాండ్ కప్పు కూడా దక్కించుకుంది. సంతోష్ ట్రోఫీ మాత్రం వెంటనే చిక్కలేదు. 1949-50, 1950-51 ఫైనళ్లలో హైదరాబాద్ బెంగాల్ చేతిలో ఓడిపోయింది.

విజయాలు

1956-57లో బొంబాయితో జరిగిన ఫైనల్ 1-1తో సమం కాగా, మళ్లీ ఆడించిన మ్యాచ్‌లో హైదరాబాద్ 4-1తో నెగ్గింది. మరుసటి ఏడాది సొంతగడ్డపై అదే ప్రత్యర్థిని 3-1తో ఓడించింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఈ రెండు జట్లలోనూ ఆడాడు. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణ ప్రాంతం 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయినా, 1957-58 కప్పు గెలిచింది హైదరాబాద్ పేరుతోనే. ఆంధ్రప్రదేశ్ పేరిట దక్కిన ఏకైక కప్పు 1965-66 నాటిది. కొల్లంలో బెంగాల్‌తో ఫైనల్ 1-1తో సమం కావడంతో మళ్లీ ఆడి 1-0తో గెలిచారు.

తర్వాతి కాలం

బలరాం వంటి మేటి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు తరలిపోయారు. రహీం 1963 జూన్ 11న కన్నుమూశాడు. 1965-66 తర్వాత తెలుగు రాష్ట్రాలకు ఈ కప్పు మళ్లీ రాలేదు. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ జట్టు రంగంలోకి వచ్చింది. 2024 డిసెంబరులో తుది దశ పోటీలకు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. డిసెంబరు 31న గచ్చిబౌలి మైదానంలో పశ్చిమ బెంగాల్ 1-0తో కేరళను ఓడించి 33వసారి కప్పు అందుకుంది.