పుటలో పొదిగిన బొమ్మ, మన చేతి యంత్రము



ఆదోని మార్కెట్టు యార్డునకు పత్తి తోలుకొనిపోయినవారికి తెలిసిన సంగతితో మొదలుపెట్టెదను. చేనినుండి వచ్చు పత్తిలో దూదియు గింజయు కలిసియుండును. జిన్నింగు మిల్లులో ఆ రెండును వేరగును. వేరైన పిమ్మట దూది నూలు మిల్లునకు, గింజ నూనె మిల్లునకు పోయి, దేనికి తగిన పని అది చేయును. నేడు నేను ముచ్చటింపబోవు చరిత్రయు ఇట్టిదే. చూడదగిన కదలుబొమ్మ ఒకటి. దానిని చూపు యంత్రము వేరొకటి. ఈ రెండును ఎప్పుడు కలిసియుండెను, ఎప్పుడు వేరైనవి, వేరైనందువలన చూచువానికి కలిగిన మేలేమి అనునదియే నేటి ప్రసంగ విషయము.

ఒక ఇంటి అరుగును తలచుకొనుడు. మనుమడు సెల్‌ఫోనులో ఒక వెబ్ పుట తెరచి తాతకు చూపుచున్నాడు. పత్తికాయను తొలుచు గులాబిరంగు పురుగును గూర్చి ఎవరో తెలిసినవారు చెప్పుచున్న వీడియో ఆ పుట నడుమ చిన్న చదరములో నాడుచున్నది. చుట్టును ప్రకటనలు. బొమ్మ చిన్నది, గొంతు సన్నము, మాట వడి. “కొంచెము మెల్లగా చెప్పించుము నాయనా, ఆ మందు పేరు మరల వినిపించుము” అని తాత అడుగును. ఆ పుటలో అందుకు వీలులేదు. అంతట మనుమడు ఆ వీడియో యొక్క లింకును తీసికొని, ఫోనులోనే యున్న వేరొక ప్లేయరులో తెరచును. బొమ్మ తెరనిండ వచ్చును, గొంతు హెచ్చును, మాట తాత కోరినంత మెల్లగా నడచును. వీడియో మారలేదు, చూపు యంత్రము మారినది. ఈ చిన్నపని వెనుక నూట ముప్పది యేండ్ల కథ కలదు.

1894వ సంవత్సరము ఏప్రిలు నెలలో న్యూయార్కు నగరమున ఎడిసన్‌గారి కినెటోస్కోపులు ప్రజలకు చూపబడెను. అది ఒక కొయ్యపెట్టె. పైనున్న రంధ్రమునకు కన్నానించి వంగి చూచినచో లోపల బొమ్మలు కదలును. ఒక పెట్టెకు ఒక్కరే చూపరి. మరుసటి యేడు డిసెంబరు 28వ తేదీన పారిసు నగరమున లూమియేర్ సోదరులు బొమ్మను పెట్టెనుండి వెలికి తెచ్చి, గోడమీది తెరపై వేసి చూపిరి. 1896 జూలై 7వ తేదీన అదే వింత బొంబాయిలోని వాట్సన్ హోటలునకు వచ్చెను. 1909లో 35 మిల్లీమీటర్ల ఫిలిము దేశదేశములకును సామాన్యమైన కొలతగా అంగీకరింపబడెను. అందువలన ఒకచోట తీసిన చిత్రమును మరియొకచోట, మరియొకరి యంత్రముపై ఆడింప వీలుకలిగెను. ఆ కాలముననే మన తెలుగువాడైన రఘుపతి వెంకయ్యగారు క్రోనో మెగాఫోను అను యంత్రమును కొని, చిత్రములతో ఊరూర తిరిగిరి. పిమ్మట మన జాతరలకు వచ్చిన డేరా సినిమాల తీరును అదియే. ఫిలిము పెట్టె కంపెనీనుండి వచ్చెడిది, ప్రొజెక్టరు డేరావానిది. రెండును వేరుగా నుండుటచేతనే పట్టణపు బొమ్మ పల్లెకు వచ్చినది.

ఇక వెబ్ సంగతి. 1989లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బర్నర్స్-లీ అను పండితుడు దానిని ప్రతిపాదించెను. తొలినాళ్ల పుటలలో అక్షరములే ప్రధానము. 1993లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున వెలసిన మొజాయిక్ అను బ్రౌజరు అక్షరముల సరసన బొమ్మలను గూడ చూపి పేరుగాంచెను. అయినను కదలుబొమ్మ ఎదురైనప్పుడు ఆ బ్రౌజరు దానిని తాను ఆడింపక, కంప్యూటరులోనున్న మరియొక పనిముట్టునకు అప్పగించెడిది. కాబట్టి వీడియోను బయటి ప్లేయరులో తెరచుట నేటివారు కనిపెట్టిన ఉపాయము గాదు. అదియే పాతదారి.

ఆ దారి త్వరలో మరుగుపడెను. 1996 ప్రాంతమున నెట్‌స్కేప్ బ్రౌజరులో ప్లగ్-ఇన్ అను అతుకు పనిముట్లు వచ్చెను. వాని సాయమున వీడియో పుట లోపలనే ఆడసాగెను. ఫ్లాష్ అను పనిముట్టు వానిలో మిక్కిలి వ్యాపించెను. 2005లో యూట్యూబు పుట్టి, ఎవరి పుటలోనైనను తన వీడియోను పొదుగుకొనుటకు వీలు కల్పించెను. ఇచ్చట ఒక మర్మము గలదు. పొదిగిన వీడియో ఆ పుటలో నుండదు. పుటలోనున్నది కిటికీ మాత్రమే. వీడియో దూరమున వేరొకరి కంప్యూటరులో నుండును. ఈ యేర్పాటువలన చిన్నవారును ఖర్చులేక తమ పుటలో వీడియో చూపగలిగిరి. ఇది గొప్ప మేలు. అయితే ఆ కిటికీకి ఏ మీటలుండవలెను, ఏవి యుండరాదు అనునది చూచువాని చేతినుండి జారిపోయెను.

దాని ఫలితము ఫ్లాష్ కథలో కనబడును. 2007లో వచ్చిన ఐఫోను ఫ్లాషును దరిచేరనీయలేదు. 2014లో హెచ్‌టీఎమ్ఎల్5 అను కొత్త కట్టుబాటు స్థిరపడి, బ్రౌజరు తానే వీడియోను ఆడించు విధానము వ్యాపించెను. 2020 డిసెంబరు 31వ తేదీతో ఫ్లాషునకు దాని యజమానులైన అడోబీవారే స్వస్తి పలికిరి. ఆ యంత్రమునే నమ్ముకొని మారక నిలిచిన పాతపుటలలో బొమ్మయుండవలసినచోట ఖాళీ చదరము మిగిలెను. అదే ఫ్లాష్ వీడియో దస్త్రమును వేరుగా దాచుకొన్నవారు నేటికిని దానిని వీఎల్‌సీ వంటి ప్లేయరులో చూడగలుగుచున్నారు. యంత్రము చచ్చినను బొమ్మ బ్రదికినది, రెండును వేరుగానుండుటచేత.

ఈ వీఎల్‌సీ పుట్టుక వినదగినది. 1996లో పారిసు దగ్గరి ఎకోల్ సాంట్రాల్ కళాశాల విద్యార్థులు తమ వసతిగృహములకు వేగముగల నెట్‌వర్కు కావలెనని కోరిరి. దాని యవసరమును నిరూపించుటకై ఉపగ్రహ టెలివిజను కార్యక్రమములను నెట్‌వర్కు గుండ ప్రతి గదికిని పంపు పనిని చేపట్టిరి. ఆ పనిలో పుట్టిన ప్లేయరే వీఎల్‌సీ. 2001 ఫిబ్రవరిలో దానిని ఎల్లరును ఉచితముగా వాడుకొనునట్లును, దిద్దుకొనునట్లును విడుదల చేసిరి. దాని గుర్తు రోడ్డుపై నిలుపు నారింజరంగు శంకువు. ఆ విద్యార్థులు సరదాకు పోగుచేసిన శంకువులే ఆ గుర్తునకు మూలము.

2006లో యూట్యూబ్-డీఎల్ అను మరియొక పనిముట్టు వచ్చెను. పుటలో పొదిగిన వీడియో అసలు ఎచ్చటనున్నదో వెదకి, ఆ చిరునామాను బయటి ప్లేయరునకు అందించుట దాని పనులలో నొకటి. 2020 అక్టోబరులో అమెరికా సంగీత కంపెనీల సంఘము దానిపై ఫిర్యాదు చేయగా, గిట్‌హబ్ సంస్థ దానిని తన యొద్దనుండి తొలగించెను. న్యాయవాదులు సమాధానమిచ్చిన మీదట నవంబరులో మరల నిలిపెను. మన దేశముననే 2022 ఫిబ్రవరి మొదలు వీఎల్‌సీవారి వెబ్‌సైటు తెరచుకొనక నిలిచిపోయి, ఆ నవంబరులో మరల తెరచుకొనెను. చూపు యంత్రము ఎవరి యధీనమున నుండవలెనను వివాదము పండితుల గదులలో ముగియునది గాదు. మన ఫోనువరకు వచ్చునది.

పని జరుగు తీరును రెండు మాటలలో చెప్పెదను. కంప్యూటరులోని వీఎల్‌సీలో ‘మీడియా’ అను పట్టికక్రింద ‘ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్’ అనునది యుండును. అచ్చట వీడియో లింకును ఉంచవలెను. ఫోనులో ‘షేర్’ అనుదానిని నొక్కినప్పుడు వచ్చు పేర్లలో ప్లేయరు పేరున్నచో దానిని ఎన్నుకొనవలెను. లింకు నేరుగా వీడియో దస్త్రమునదైనచో పని సులువు. పుట చిరునామా మాత్రమే దొరికినప్పుడు ఒక్కొక్కచో తెరచుకొనును, ఒక్కొక్కచో తెరచుకొనదు. సినిమాలు అమ్ము కంపెనీల వీడియోలకు తాళములుండును. అట్టి తాళములు బ్రౌజరులలో పనిచేయు విధానమును వెబ్ కట్టుబాట్లు చేయు సంఘమే 2017లో ఆమోదించెను.

ధర్మపక్షమును గూడ చెప్పవలెను. వీడియో చేసినవారికి ప్రకటనలవలన కూలి ముట్టును. బయటి ప్లేయరులో చూచినప్పుడు అది వారికి చేరకపోవచ్చును. చెవి మందగించినవారు, చూపు తగ్గినవారు తమకు తగినట్లు చూచుకొనుట ఒకటి. పరుల కష్టమును నకలుచేసి పంచుకొనుట మరియొకటి. మొదటిదానిని నేను సమర్థింతును, రెండవదానిని సమర్థింపను. మేలుచేసిన వీడియో వారి పుటకు పోయి ఒకసారి చూచి, నలుగురికి ఆ పుటనే చెప్పుట న్యాయము.

ఎమ్మిగనూరు పెద్దలకు ఈ విషయము నాకంటె బాగుగా తెలియును. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో అచ్చట చేనేతవారి సహకార సంఘము వెలసెను. నూలు అప్పిచ్చినవాడే వెలయు కట్టి, బట్టయు తీసికొనిపోవుచోట నేతగానికి తన పనిమీద తనకు చెల్లుబడి యుండదు. అట్టి యిక్కట్టు తీరుటకే నేతగాండ్రు సంఘములు కట్టుకొనిరి. నూలు ఎచ్చటనుండి వచ్చినను మగ్గము తన ఇంట, తన కాలిక్రింద నుండవలెనని నేతగాడు కోరును. వీడియో ఎవరి పుటనుండి వచ్చినను, దానిని ఎంత మెల్లగా, ఎంత పెద్దగా, ఎన్నిమారులు వినవలెనో నిర్ణయించు మీట చూచువాని చేతిలో నుండవలెనని కోరుటయు అట్టి కోరికయే.

కనుక మనుమడు ఫోను తెచ్చి చూపినప్పుడు, సరిగా వినబడకున్నను తల యూపి ఊరకుండవలదు. “దీనిని వేరుగా తెరచి చూపుము” అని అడుగుడు. సెలవు.