ఇంగ్లీషు సముచ్చయ పదాలు: సూరత్ తెలుగు ఇళ్లలో

సమాన హోదా ఉన్న రెండు మాటలను గానీ రెండు వాక్యాలను గానీ కలిపే పదాలను ఇంగ్లీషులో కోఆర్డినేటింగ్ కంజంక్షన్లు అంటారు. తెలుగులో సముచ్చయ పదాలు అనవచ్చు. ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో అని బడిలో ఏడింటిని నేర్పుతారు. నిత్యం పనికొచ్చేవి అండ్, బట్, ఆర్, సో. ‘ఎందుకంటే’ అనే అర్థంలో ఫర్ మాటల్లో దాదాపు వినపడదు.

తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో సూరత్‌లోనే స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతూ వచ్చింది. ఆ ఇళ్ల పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, పుస్తకంలో ఇంగ్లీషు. కలిపే పద్ధతి మూడింటిలోనూ ఒకటి కాదు.

గుజరాతీలో ‘అండ్’కు మాట ‘అనే’. ‘రామ్ అనే శ్యామ్’ అంటే అక్కడ ఇద్దరు మనుషులు. తెలుగు చెవికి రామ్ అన్న పేరుగల ఒక్కడే శ్యామ్! తెలుగుకు ఇలాంటి విడి మాటతో పనిలేదు. ‘అమ్మా నాన్నా వచ్చారు’ అని చివరి అచ్చును సాగదీస్తే చాలు. ‘ఆర్’ సంగతీ అంతే. గుజరాతీవారు ‘చా కే కాఫీ’ అని అడిగితే, మనం ‘చాయా, కాఫీయా?’ అంటాం.

అసలు చిక్కు క్రియల దగ్గర. ‘సాంచె (మరమగ్గం) ఆపి, తెగిన పోగు అతికి, మళ్లీ నడిపాడు’ అన్న వాక్యంలో సమాపక క్రియ ఒక్కటే, మిగతావి క్త్వార్థకాలు, అంటే వాక్యాన్ని ముగించని క్రియారూపాలు. ఇంగ్లీషులో మూడూ పూర్తి క్రియలే, చివరిదాని ముందు అండ్. ‘వాన పడి కరెంటు పోయింది’లో ‘పడి’ కారణాన్ని కూడా మోస్తుంది. అక్కడ అండ్ పెడితే కారణం పలచబడుతుంది, సో కావాలి. ఏది వాడాలో అర్థాన్ని బట్టి పిల్లవాడే ఎంచుకోవాలి.

కామాకూ నియమం ఉంది. రెండు పూర్తి వాక్యాలు కలిస్తే సముచ్చయ పదానికి ముందు కామా పెడతారు. ఒకే కర్తకు రెండు క్రియలుంటే మామూలుగా పెట్టరు. నార్ తర్వాత సహాయక క్రియ కర్తకు ముందుకు వస్తుంది: ‘నార్ డస్ షి’.

‘అయినప్పటికీ’ అనే అర్థంలో ఆల్దో అని మొదలుపెట్టి మధ్యలో బట్ చేర్చడం తరచు కనిపించే తప్పు. గుజరాతీలో ‘జోకే… తోపణ్’ జంటగా నడుస్తాయి, ఇంగ్లీషులో రెంటిలో ఒకటే ఉండాలి. ‘వాన పడినా వచ్చాడు’ అనే తెలుగు వాక్యంలోనూ ‘నా’ ఒక్కటే ఆ పని చేస్తుంది. ఇక్కడ ఇంటి భాషే పిల్లలకు తోడు.

అండ్ అంటే ‘మరియు’ అని బట్టీ పట్టించడం సరికాదు. ఆ మాట తెలుగు ఇళ్లలో మాటల్లో దాదాపు వినపడదు. ఉపాధ్యాయులు ‘అమ్మా నాన్నా’తో పాఠం మొదలుపెట్టాలి.