కోడూరు మాంగనీస్ కథ

మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1892లో కోడూరులో మొదలైంది. కడప వైపున్న రైల్వే కోడూరు కాదిది. చీపురుపల్లి ప్రాంతపు కోడూరు. అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో ఉండేది, 1979 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది.

తూర్పు కనుమల ఖోండలైట్ శిలల మధ్య ఇక్కడ ఒక వింత శిల కనిపిస్తుంది. పొటాష్ ఫెల్డ్‌స్పార్, మాంగనీసు గల గార్నెట్, అపటైట్ దాని ముఖ్య ఖనిజాలు. భూవిజ్ఞాన సర్వే సంస్థకు చెందిన లీ ఫెర్మర్ దానికి ఊరి పేరు మీదే ‘కోడురైట్’ అని పేరు పెట్టాడు. 1909లో వెలువడిన తన బృహద్గ్రంథంలో దానిని అగ్నిశిలగా వివరించాడు. మాంగనీసు గల అవక్షేపాలు భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి మారడంలోనే దాని మూలం ఉందని తరువాతివారిలో చాలామంది భావించారు. వివరణ మారినా పేరు నిలిచింది.

కోడురైట్ అంతా ముడి ఖనిజం కాదని విద్యార్థులు గమనించాలి. నీరు యుగాలపాటు ఇంకి గార్నెట్ శిథిలమై, అందులోని మాంగనీసు నల్లని ఆక్సైడ్లుగా పోగుపడిన చోటనే తవ్వకం గిట్టుబాటవుతుంది. చిక్కంతా అపటైట్‌తోనే. అది కాల్షియం ఫాస్ఫేటు. దానివల్ల ముడి ఖనిజంలో భాస్వరం ఎక్కువ. మాంగనీసు ఉక్కుకు బలాన్నిస్తే భాస్వరం పెళుసుతనాన్నిస్తుంది! 1900 ప్రాంతంలో నాగపూర్, బాలాఘాట్ వైపు మేలురకం గనులు తెరుచుకోగానే కోడూరు వెనుకబడింది. 1933లో ప్రారంభమైన విశాఖ రేవును సైతం ప్రధానంగా ఆ మధ్యపరగణాల మాంగనీసు ఎగుమతి కోసమే కట్టారు.

స్వాతంత్ర్యం తరువాత కోడూరు గనుల చేరువలోనే, గరివిడిలో ఫెర్రో మాంగనీస్ కర్మాగారం వచ్చింది. భాస్వరం ఎక్కువగల ఖనిజాన్ని తక్కువగల రకాలతో కలిపి కొలిమికెక్కించడం ఈ పరిశ్రమలో మామూలే.