విరామంలో పెరిగిన వేగం

దూరాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కను జోరుగా పరిగెత్తడం, మధ్యలో నడకో జాగింగో చేస్తూ దమ్ము కూడదీసుకోవడం, మళ్లీ పరిగెత్తడం... ఇంటర్వెల్ ట్రైనింగ్ అంటే ఇంతే. ఇరవయ్యో శతాబ్దంలో 800 మీటర్ల నుంచి మారథాన్ దాకా బద్దలైన రికార్డుల్లో చాలావాటి వెనుక ఈ పద్ధతి ఉంది. విచిత్రమేమిటంటే కోచ్‌లూ డాక్టర్లూ ఎక్కువగా వాదులాడుకున్నది పరుగు గురించి కాదు, మధ్యలో వచ్చే విరామం గురించి.

పరుగునూ విశ్రాంతినీ వంతులవారీగా నడిపించాలని తొలినాళ్లలోనే చెప్పినవారిలో ఫిన్లాండ్‌కు చెందిన లౌరి పిహ్కాలా ఒకరు. ఆ దేశపు పావో నుర్మి పేస్ విషయంలో మరో అడుగు ముందుకేశాడు. ప్రత్యర్థులను చూసి కాకుండా చేతిలోని స్టాప్‌వాచ్‌ను చూసి పరిగెత్తేవాడు. మొదట్లో దూకుడుగా వెళ్లి చివర్లో చతికిలపడటం కంటే ప్రతి ల్యాపునూ ఒకే వేగంతో ముగించడం లాభమని అతని లెక్క. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 1500, 5000 మీటర్ల పందేలను ఒకేరోజు, స్వల్ప వ్యవధిలో గెలిచి ఆ లెక్క తప్పు కాదని చూపించాడు.

ఈ పద్ధతికి కొలతలు తెచ్చింది జర్మనీ. కోచ్ వోల్డెమార్ గెర్ష్‌లర్ శిక్షణలో రుడాల్ఫ్ హార్బిగ్ 1939 జులైలో మిలాన్ ట్రాక్‌పై 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించాడు. పాత రికార్డు కంటే అది ఏకంగా 1.8 సెకన్లు తక్కువ. ఆ దూరంలో రికార్డులు సెకనులో పదో వంతుల చొప్పున కదులుతాయి కాబట్టి ఇది మామూలు విషయం కాదు. హార్బిగ్ 1944లో యుద్ధంలో చనిపోయాడు. అతని రికార్డు మాత్రం 1955 దాకా చెక్కుచెదరలేదు.

ఫ్రైబుర్గ్ హృద్రోగ నిపుణుడు హెర్బర్ట్ రైండెల్‌తో కలిసి గెర్ష్‌లర్ రూపొందించిన సూత్రం ఇది: 100, 200 మీటర్ల చిన్న పరుగుతో గుండె వేగాన్ని నిమిషానికి 180 దాకా తీసుకెళ్లాలి. తర్వాత అది 120కి దిగేదాకా ఆగాలి. అందుకు 90 సెకన్ల కంటే ఎక్కువ పడితే పరుగు మరీ వేగంగానో దూరంగానో సాగిందని అర్థం, తగ్గించుకోవాలి. గుండె బలపడేది పరిగెత్తేటప్పుడు కాదు, ఆ దిగే క్షణాల్లోనేనని వారి వాదం. ఈ వివరణ తర్వాతి పరిశోధనల ముందు పూర్తిగా నిలవలేదు. అయినా విరామానికి కూడా గడియారం పెట్టాలన్న అలవాటు మాత్రం స్థిరపడిపోయింది.

గుండె వేగం గొడవేమీ పెట్టుకోకుండా, కేవలం మొండితనంతో ఇదే దారి పట్టినవాడు చెకొస్లోవేకియాకు చెందిన ఎమిల్ జాటోపెక్. జ్లిన్‌లోని బాటా చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ 1941లో పైవాళ్ల బలవంతం మీద తొలి పందెంలో దిగాడు. దూరం పరిగెత్తేవాడికి 100 మీటర్ల పరుగులెందుకని ఎవరో అడిగితే, అదే 100 మీటర్లు 20 సార్లు పరిగెత్తితే 2 కిలోమీటర్లు అవుతుంది కదా అన్న అర్థంలో బదులిచ్చాడు. అతని పేరుమోసిన షెడ్యూలు 200 మీటర్లు 5 సార్లు, 400 మీటర్లు 20 సార్లు, మళ్లీ 200 మీటర్లు 5 సార్లు. ప్రతి పరుగు తర్వాత 200 మీటర్ల జాగింగ్. కొన్నాళ్లకు 400 మీటర్లు 40 సార్లయ్యాయి. జాగింగ్‌తో కలిపి రోజుకు 24 కిలోమీటర్లు! కొన్నిసార్లు బరువైన మిలిటరీ బూట్లతోనే చేసేవాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5000, 10,000 మీటర్లతో పాటు అంతకుముందెన్నడూ పరిగెత్తని మారథాన్‌లో కూడా స్వర్ణం సాధించాడు. ఒకే ఒలింపిక్స్‌లో ఈ మూడూ గెలిచినవారు ఇప్పటికీ మరొకరు లేరు.

అంత సమయం లేనివాళ్ల సంగతి రోజర్ బానిస్టర్ చూశాడు. లండన్‌లో మెడిసిన్ చదువుతూ మధ్యాహ్న భోజన విరామంలో ప్రాక్టీసు చేసేవాడు. 1953 డిసెంబరు నుంచి 440 గజాల ల్యాపును 10 సార్లు పరిగెత్తడం, మధ్యలో 2 నిమిషాల విశ్రాంతి. ల్యాపు సమయం 66 సెకన్ల నుంచి మెల్లగా 61కి దిగి అక్కడే ఆగిపోయింది. విసిగిపోయి స్కాట్లాండ్ కొండలెక్కడానికి వెళ్లి, తిరిగొచ్చాక 59లో ముగించగలిగాడు. అతని గురి నాలుగు నిమిషాలలోపు మైలు. మైలులో నాలుగు ల్యాపులు కాబట్టి ల్యాపుకు 60 సెకన్ల కంటే తక్కువ కావాలి. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మిత్రులు క్రిస్ బ్రాషర్, క్రిస్ చాటవే వంతులవారీగా ముందుండి పేస్ పట్టగా 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు ముగించాడు.

మన దేశంలో ఈ విద్య మిల్ఖా సింగ్‌కు ఓటమి ద్వారా అందింది. సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో సైనికుడిగా పరుగు మొదలుపెట్టిన అతను 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హీట్స్‌లోనే వెనుదిరిగాడు. అక్కడ 400 మీటర్లు గెలిచిన అమెరికన్ చార్లెస్ జెంకిన్స్‌ను కలిసి అతని ప్రాక్టీసు పద్ధతిని అడిగి తెలుసుకున్నాడు. రెండేళ్లకే టోక్యో ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు, కార్డిఫ్ కామన్వెల్త్ క్రీడల్లో ఒకటి వచ్చాయి.

ఇంటర్వెల్ పద్ధతికి ఎదురుదెబ్బ న్యూజిలాండ్ నుంచి తగిలింది. ముందు నెలల తరబడి వారానికి 160 కిలోమీటర్లు నిలకడగా పరిగెత్తించి, వేగపు ప్రాక్టీసును చివరి వారాలకు జరిపాడు కోచ్ ఆర్థర్ లిడియార్డ్. 1960 రోమ్‌లో అతని శిష్యులు పీటర్ స్నెల్, ముర్రే హాల్‌బెర్గ్ ఒకే మధ్యాహ్నం స్వర్ణాలు గెలిచారు. అదే ఏడు స్వీడన్ శాస్త్రవేత్తలు ఇంటర్వెల్స్ వైపు ఓ బలమైన సాక్ష్యం ప్రచురించారు: ఏకబిగిన చేస్తే కొన్ని నిమిషాలకే ఒళ్లు మొరాయించే పనిని, మధ్యమధ్య విరామమిస్తే గంటసేపు చేయవచ్చు.

ఇవాళ కొత్తవాళ్లకిచ్చే షెడ్యూలు ఈ రెండు శిబిరాల మధ్య కుదిరిన రాజీ. మొదట కొన్ని వారాలు మాట్లాడుతూ పరిగెత్తగల వేగమే. ఆ తర్వాత వారానికి ఒక్కరోజు ఇంటర్వెల్స్. అమెరికన్ కోచ్ జాక్ డేనియల్స్ లెక్కలో అవి వారం మొత్తం దూరంలో 8 శాతం దాటకూడదు. వారానికి 30 కిలోమీటర్లు పరిగెత్తేవారికి అది 2.4 కిలోమీటర్లు, అంటే 400 మీటర్లు 6 సార్లు. 5 కిలోమీటర్లను 30 నిమిషాల్లో ముగించేవారు ఆ పేస్‌తోనే మొదలుపెడితే ఒక్కో 400కు 2 నిమిషాల 24 సెకన్లు పడుతుంది. తర్వాత అంతే సేపు నడక, జాగింగ్. చాలామంది మొదటి రౌండును హుషారుగా 2 నిమిషాల్లో లాగించేసి ఐదో రౌండుకు కూలబడతారు. నుర్మి స్టాప్‌వాచ్ పట్టుకున్నది ఇలా కాకుండా ఉండటానికే. మరో రోజు టెంపో పరుగు ఉంటుంది: పందెంలో గంటసేపు నిలబెట్టుకోగల వేగంతో ఆగకుండా 20 నిమిషాలు. ఈ రెండింటి మధ్య కనీసం ఒక తేలికపాటి రోజు ఉండాలి.

ట్రాక్ లేని ఊళ్లో స్వీడన్ కోచ్ గోస్టా హోల్మెర్ 1930లలో రూపొందించిన ఫార్ట్‌లెక్ ఉంది. రెండు కరెంటు స్తంభాల దూరం జోరుగా, మరో రెండు నెమ్మదిగా పరిగెత్తితే చాలు, వాచీతో పనిలేదు. ఏప్రిల్, మే ఎండల్లో అందరికీ ఇదే నయం, ఎందుకంటే వేడిలో అదే పేస్‌కు గుండె మరింత కష్టపడుతుంది. మిగతా కాలంలో నాలుగైదు వారాలు ఒకే పేస్‌తో సాగాక, మళ్లీ ఓ 5 కిలోమీటర్లు పందెంలా పరిగెత్తి, వచ్చిన సమయాన్ని బట్టి 400 మీటర్ల లెక్కను కొత్తగా వేసుకుంటారు.