అక్షరక్రమం తప్పిన చుక్కలు

వేసవి రాత్రి డాబా మీద వెల్లకిలా పడుకుని కాసేపు చూస్తే చుక్కలన్నీ ఒకే రంగులో లేవని కంటికే తెలుస్తుంది. చిత్త నీలం కలిసిన తెలుపు. స్వాతి నారింజ. పొద్దుపోయాక ఆగ్నేయాన పైకొచ్చే జ్యేష్ఠ ఎరుపు. ఖగోళ శాస్త్రంలో వీటి తరగతులు బి, కె, ఎమ్. మొత్తం వరుస ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎమ్. ఓ అన్నిటికన్నా వేడి, ఎమ్ చల్లన. ఇంగ్లీషు అక్షరాలు ఇలా చెల్లాచెదురు కావడం వెనక పెద్ద కథే ఉంది.

1814లో జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఆ రంగుల పట్టీలో వందలాది నల్లగీతలు చూశాడు. ఏ మూలకం గీతలు దానివేనని 1859లో కిర్కాఫ్, బున్సెన్ తేల్చారు. 1860ల్లో రోమ్‌లో సెక్కి అనే మతగురువు వాటిని బట్టి చుక్కలను తరగతులు చేశాడు.

అసలు పని జరిగింది అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీలో. 1872లో అభిజిత్తు అనే చుక్క వర్ణపటాన్ని, అంటే రంగుల పట్టీని, ఫొటో తీసిన హెన్రీ డ్రేపర్ పదేళ్లకే చనిపోతే, భర్త పని ఆగిపోకూడదని భార్య యానా హార్వర్డ్‌కు డబ్బిచ్చింది. డైరెక్టర్ పికరింగ్ దూరదర్శిని ముందు పట్టకం పెట్టించాడు. దాంతో గాజు పలక మీద ఒక్కో చుక్క చిన్న బూడిదరంగు చారగా పడేది. పలకకు వందల చారలు. వాటిని చదివే పని గంటకు పాతిక సెంట్ల కూలికి ఆడవాళ్లకు అప్పగించాడు. పికరింగ్ ఇంట్లో పనిమనిషిగా చేసిన విలియమినా ఫ్లెమింగ్ పదివేల పైచిలుకు చుక్కలను చూసింది. హైడ్రోజన్ గీతలు బాగా ముదురుగా ఉన్నవాటికి ఎ, తర్వాతవాటికి బి అంటూ అక్షరాలు వేసింది. ఆ జాబితా 1890లో వెలువడింది.

తర్వాత వచ్చిన యానీ జంప్ కానన్‌కు చెవులు సరిగా వినబడవు. కళ్లు మాత్రం అసాధారణం. భూతద్దంతో పలక మీద వంగి చార చూడగానే తరగతి పైకి చెప్పేది, పక్కనున్న సహాయకురాలు రాసుకునేది. నిమిషానికి మూడు చుక్కలు! అలా రెండు లక్షలకు పైగా చూసింది. ఒక తరగతి నుంచి మరో తరగతికి గీతలు సాఫీగా మారాలంటే ఓ, బి రెండూ ఎ కన్నా ముందుండాలని గ్రహించి, కొన్ని అక్షరాలు తీసేసి, మిగిలినవాటి పేర్లు మార్చకుండా వరుస మార్చింది. 1901లో అచ్చయిన ఆ వరుసే నేటికీ చెల్లుతోంది.

ఆ వరుస ఎందుకు సరైనదో 1920లో చెప్పినవాడు మన మేఘనాద్ సాహా. మరీ వేడిలో హైడ్రోజన్ పరమాణువు ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంటుంది. చల్లన చుక్కల్లో ఆ ఎలక్ట్రాన్ గీతలు పుట్టించే మెట్టు ఎక్కదు. పదివేల డిగ్రీల దగ్గరే గీతలు ముదురు. అంటే గీతల తేడాకు ముఖ్య కారణం ఉష్ణోగ్రతే. ఈ సూత్రంతో హార్వర్డ్ పలకల్నే పట్టుకుని 1925లో సెసీలియా పేన్ మూలకాల పాళ్లు లెక్కగట్టింది. ఫ్లెమింగ్ ఏ హైడ్రోజన్ గీతలతో అక్షరాలు మొదలుపెట్టిందో, చుక్కల్లో అత్యధిక భాగం ఆ హైడ్రోజనేనని తేలింది.